శెట్టి ఇంట్లో కోడిపుంజు

కోడి కార్జం బాగుంటే గురప్ప ఇంటి పెళ్ళికి శేషయ్య అంగడి కోవా పోతుంది. పాడైతే తాడిపత్రి కోవా వస్తుంది. అది తేల్చుకోవడానికే ఆ ఆదివారం పొద్దున యాడికి ఊళ్ళో శేషయ్య పెరట్లో అందరూ చేరారు.

తగువు తెచ్చింది గురప్ప కూతురు ఆశ్రిత. అనంతపురంలో ఎమ్మెస్సీ చదువుతోంది. వానల్లేక ఊళ్ళో పాలు తగ్గుతుంటే, శేషయ్య కోవా మాత్రం ఏటికేడు ఎందుకు తెల్లబడుతోందని ఆ పిల్ల నిలదీసింది. కోవాలో కలిపే తెల్లరంగు పొడిలో కంటికి ఆనని నలుసులుంటాయని, అవి పోయి కార్జంలో కూర్చుంటాయని, ఎలుకలకు పెట్టి చూస్తే కార్జం వాచిందని చదివానని చెప్పింది. అన్న పెళ్ళికి ఆ కోవా వద్దంది.

"ఎలుకకేం తెలుసు నా కోవా సంగతి? కోడికి పెట్టి చూడండి" అన్నాడు శేషయ్య రోషంగా.

గురప్ప మరునాడే ఒక ఎర్రపుంజును పంపించాడు. ఉల్లిపాయ కూడా ఆలోచించి తరిగే శేషయ్య శెట్టి ఇంట్లో నెల రోజులుగా కోడి కూస్తోంది. రోజూ దానికి అంగడి కోవా పెట్టే పని శేషయ్య భార్య శాంతమ్మ మీద పడింది.

గడువు తీరిన ఆ ఆదివారం, కోళ్ళు కోసే కుళ్ళాయప్ప పెరట్లో కత్తి నూరాడు. శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. శేషయ్య గోడవైపు తిరిగి, గుండెదడ తగ్గడానికి జేబులోంచి కోవా బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నాడు. అంగడి కోవా ఆయన ఏనాడూ ముట్టడు. ఆయన కోసం శాంతమ్మ ఇంటి బర్రె పాలతో విడిగా చేయాల్సిందే. ఈమధ్య ఆమె చెయ్యి మరీ కుదిరిందని ఆయన మురిసిపోతున్నాడు.

"ఇట్ల తిరుగప్పా శెట్టీ" అన్నాడు గురప్ప.

కుళ్ళాయప్ప చేతిలో కార్జం ఎర్రగా నిగనిగలాడుతోంది. వాపు లేదు, మచ్చ లేదు. ఇంత మంచి కార్జం ఈ మధ్య చూడలేదని కుళ్ళాయప్ప సాక్ష్యం చెప్పాడు. ఒక్క కోడితో ఏమీ తేలదని ఆశ్రిత అంటూనే ఉంది గానీ వినేవాళ్ళు లేరు. పెళ్ళికే కాదు, మూడుముళ్ళ మరునాటి విందుకూ నీ కోవానే అని గురప్ప మాటిచ్చి, కోడిని సంచిలో వేయించుకుని పోయాడు.

శేషయ్య ఎగిరి గంతేసినట్టు వంటింట్లోకి వచ్చాడు. శాంతమ్మ ఓ మూల కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏడుస్తావేమే? గెలిచినాం. నెలంతా అంగడి కోవా తిన్నా దాని కార్జం అద్దం మాదిరి ఉండాది."

"అది యాడ తినె? ఒక్కనాడూ మూతి పెట్టలేదు. పాపమని శెనక్కాయ గింజలు వేసి సాకితి."

శేషయ్య నవ్వు సగంలో ఆగింది. "మరి దాని కోవా ఏం చేసినావు?"

"మన బర్రె వట్టిపోయి నెలాయె. పారేయడానికి మనసొప్పక, దినామూ మీకే పెడతాంటి."