ఆరో మీట

చెవిలో పెట్టుకునే చదువరి అనే పరికరం మొదట త్రివేణమ్మలాంటి చూపులేనివాళ్ల కోసమే పుట్టింది. ఎదురుగా ఏ రాత ఉన్నా చదివి వినిపించేది. ఆ సుఖం మరిగి కళ్లున్నవాళ్లూ దాన్నే తగిలించుకున్నారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఊళ్లో అక్షరాలు గుర్తుపట్టేవాళ్లే కరువయ్యారు.

ఈమధ్య చదువరితో పాటు ఏది చదవాలో, ఏది వదిలెయ్యాలో తేల్చే యాడ్ఆన్లు, అంటే ఎవరెవరో రాసిన చిన్న ప్రోగ్రాములు కూడా అడక్కుండానే వచ్చి చేరుతున్నాయి. వాటిని తీసేయించాలనే త్రివేణమ్మ తొమ్మిదో వార్డుకి పోటీ చేసింది.

పోలింగు రోజు తన ఓటు వేసుకోవడానికి యంత్రం ముందు నిలబడింది. చదువరి వరసగా అయిదు పేర్లు చదివి, "జాబితా పూర్తయింది" అంది. ఆమె పేరు రాలేదు. మళ్లీ చదివించింది. మళ్లీ అయిదే.

త్రివేణమ్మ మీటల పక్కనున్న బ్రెయిలీ చుక్కల్ని తడుముకుంటూ కిందికి వెళ్లింది. నాలుగు, అయిదు... ఆరు!

"గంగరాజుగారూ, ఒక్కసారి ఇలా రండి" అని పోలింగు ఆఫీసరుని పిలిచింది. "ఈ ఆరో మీట పక్కన ఎవరి పేరుందో చదవండి."

ఆయన వంగి చూశాడు. ఆయన చెవిలో చదువరి గొణగడం ఆమెకి వినిపించింది.

"ఆరో పేరెక్కడుందమ్మా? అయిదే ఉన్నాయంటోందిగా!"

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, వేలిని ఆరో నెంబరు చుక్కల మీద పెట్టింది.

"ఏదో గరుగ్గా తగుల్తోందమ్మా" అన్నాడాయన. "కానీ చదువరి ఏమీ లేదంటోందిగా. త్వరగా కానివ్వండి, బయట నాలుగొందల మంది నిలబడ్డారు."