జిగురు చారలు

కుక్క దగ్గింది. గుప్పెడు నురగ బల్ల మీద పడింది. నురగలో నెత్తుటి జీర.

పశువుల డాక్టరు ఆ నురగను గాజుపలక మీద పులిమి మైక్రోస్కోపు కింద పెట్టాడు. మొహం చిట్లించి, కుక్కను తెచ్చిన బస్సు కండక్టరమ్మను కూడా చూడమన్నాడు. ఆమె చూసి గభాల్న నోరు మూసుకుంది. వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"దీని ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టాయి. న్యుమోనియా కూడా వచ్చేసింది. పెంకులేని నత్తలుంటాయి చూశారా, జిగురు కక్కుతూ పాకేవి? వాటిని తిన్న కుక్కలకే ఈ రోగం. ఇల్లు అలా పెట్టుకుంటే ఎలాగమ్మా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆరేళ్లుగా పాడుబడి ఉన్న ఇంట్లోకి రెండు నెలల కిందటే అద్దెకు దిగామని చెప్పింది. పెరడంతా గచ్చేననీ, రోజూ కడుగుతాననీ, అయినా పొద్దున్నే గోడ పక్కన కుప్పగా నత్తలుంటాయనీ, తాను చీపురు తెచ్చేలోపే కుక్క మూతి పెడుతుందనీ చెప్పుకుంది.

ఇలాంటి కబుర్లు ఆయన ఇరవై ఏళ్లుగా వింటున్నాడు. నత్తలేమన్నా ఆకాశంలోంచి ఊడిపడతాయా అన్నాడు.

"ఇది పోతే మా అమ్మ ఒంటిదైపోతుంది సార్," అందామె.

తల్లికి చెవులు వినపడవు. కూతురు డ్యూటీకి పోయాక ఎవరు తలుపు కొట్టినా, కుక్కరు కూత పెట్టినా, వెళ్లి ఆమె చెయ్యి నాకి పిలుచుకొచ్చేది ఈ కుక్కే.

డాక్టరు మెత్తబడలేదు. ఇంజెక్షన్ చేసి మాత్రలిచ్చాడు. మూగజీవాన్ని పెంటలో పెంచే మనుషులూ ఉంటారని, ఆమెకు వినపడేలాగే కాంపౌండరుతో అన్నాడు.

మూడోరోజు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది. దగ్గు తగ్గిందిగానీ కుక్క లేవలేకపోతోంది, ఇంటికొచ్చి ఇంజెక్షన్ చేయమని బతిమాలింది. ఆ పెంటేదో కళ్లారా చూసి నాలుగు చీవాట్లు పెట్టొచ్చని డాక్టరు బయల్దేరాడు.

వంకర సందుల్లో చిట్టచివరి ఇల్లు. పెరట్లో గచ్చు అద్దంలా ఉంది. గడ్డిపోచ లేదు. గోనెపట్టా మీద కుక్క తోక ఆడించింది. తల్లి దాని మూతి తుడుస్తోంది.

నిలువెత్తు వెనక గోడ మొదట్లో మాత్రం బొటనవేలంత లావు నత్తలు ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. కొన్ని చితికి, పచ్చటి సొన కారుతోంది. వాటి చుట్టూ జిగురు చారలు.

"తెల్లారకముందే కడిగాను సార్. లోపలికెళ్లి వచ్చేసరికి ఇదిగో," అంది కండక్టరమ్మ.

"ఎవడమ్మా ఇంత నీచపు పని చేసేది?" డాక్టరు గొంతు పెంచాడు.

ఆ గొంతు వినగానే గోడ అవతల, ఒక్క నత్త కూడా తన నోట పడకూడదని రోజూ తెల్లవారగానే అన్నిటినీ ఏరి డబ్బాతో ఇటు కుమ్మరించే యజమానిని గుర్తుపట్టి, డాక్టరుగారి పెంపుడు కుక్క సంతోషంగా మొరిగింది.