ఇరవై మూడో టోకెను

"ఇవాళ కూడా ఓ పుస్తకం చించేశావా?" అక్క బిందె దించుతూ అడిగింది.

"అమ్ముడుపోనివి ఇంకా డెబ్భై ఉన్నాయిలే," అన్నాడు కవి నీరసంగా. చించిన తన కవితల పుస్తకం కాగితాల మీద, పేజీల వరసలోనే, ఎర్ర పెన్నుతో నంబర్లు వేస్తున్నాడు. నీళ్ల ట్యాంకరు దగ్గర కొట్లాటలు ఆగాలని నెల రోజులుగా అతను పంచుతున్న టోకెన్లు అవే.

"పోనీలే, ఇన్నాళ్లకి నీ కవిత్వానికి గిరాకీ వచ్చింది."

అతను నవ్వలేదు. అందరికన్నా ముందొచ్చిన దర్జీ ఆవిడకి ఒకటో నంబరు కాగితం అందించాడు. ఆవిడ తీసుకోలేదు.

"నాకు ఇరవై మూడు ఇవ్వండన్నా."

"నిన్న ఇరవై రెండు తీసుకుని ఖాళీ బిందెతో వెళ్లావు కదమ్మా. ఇరవై దాటితే నీళ్లు అందట్లేదు."

"ఆ కాగితంలో ఒకావిడ తలుపు తీయబోతూ ఆగింది. అక్కడితో కాగితం అయిపోయింది. తీసిందో లేదో అని అప్పట్నుంచీ ఒకటే ఆలోచన."

కవి చేతిలో పెన్ను ఆగింది.

"పుస్తకం మొత్తం ఇస్తాను, తీసుకెళ్లమ్మా," అన్నాడు.

"వద్దన్నా. ఒక రోజు టోకెన్లు తగ్గిపోతాయి," అంటూ ఆవిడ ఇరవై మూడో కాగితం తీసుకుని, ఖాళీ బిందెతో వరస చివరికి నడిచింది.