మేకు దిగిన కాలు

శోభనాద్రి కాలి చెప్పు ఊడి రావడం లేదు.

గుమ్మం ముందు నిలబడి కాలు విదిలించాడు. రాలేదు. రెండో కాలితో చెప్పు అంచు తొక్కిపట్టి లాగాడు. అయినా రాలేదు.

“ఒసే నాంచారమ్మా! ఈ చెప్పుకేమైందో చూడవే,” అని భార్యను కేకేశాడు.

నాంచారమ్మ వచ్చి, వంగి చూసింది. చెప్పు అడుగున తుప్పు పట్టిన మేకు తల కనిపించింది. పడవ చెక్కలకు కొట్టే మేకు, చూపుడు వేలంత ఉంటుంది. చెప్పును చీల్చుకుని కాల్లోకి దిగిపోయింది. పడవలు ఆపే రేవు నుంచి ఇంటిదాకా బాట మీద వరసగా ఎర్రటి మరకలున్నాయి.

“నొప్పి లేదా?” అంది.

“ఎక్కడ?” అన్నాడు.

ఆమె అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, పట్టకారుతో మేకు పట్టి లాగింది. మొదటిసారి రాలేదు. రెండోసారి కాలు తన తొడ మీద పెట్టుకుని, బలమంతా ఉపయోగించి లాగింది. ఎవరి కాలో చూస్తున్నట్టు చూశాడు శోభనాద్రి.

“ఇంత పొడుగుందా!” అన్నాడు, మేకు బయటికొచ్చాక.

నాంచారమ్మ తువ్వాలు చింపి కట్టు కట్టింది. “పద, బందరు ఆస్పత్రికి.”

“ఎందుకే? నొప్పే లేదుగా.”

“అందుకే పదమంటున్నా.”

అవనిగడ్డలో బందరు బస్సెక్కారు. చల్లపల్లి దాటాక కండక్టరు వచ్చి సీటు కిందికి చూశాడు.

“బాబాయ్, రక్తం కారుతోంది.”

“ఎవరికి?” అని శోభనాద్రి వెనక్కి తిరిగి చూశాడు.

నాంచారమ్మ కట్టు విప్పి మళ్ళీ బిగించింది.

బందరులో డాక్టరు ప్రభాకర్ గారు గాయం కడిగించి, ఇంజక్షను చేయించి, రక్తం పరీక్షలకు పంపారు. రిపోర్టులు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు శోభనాద్రిని బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు.

“ఈ సన్నటి నైలాను తీగతో కాలు తాకుతాను. తగిలినప్పుడల్లా చెప్పు.”

శోభనాద్రి బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు గారు బొటనవేలు తాకారు. తర్వాత మిగిలిన వేళ్ళు, అరికాలు, మడమ. రెండో కాలు కూడా అయిపోయింది.

“ఇంకా మొదలెట్టలేదాండీ?” అన్నాడు శోభనాద్రి.

డాక్టరు గారు తీగను ట్రేలో పెట్టేశారు. “కళ్ళు తెరువు. సుగర్ లేదు నీకు. మందెంత తాగుతావు?”

“ఏదో, సాయంత్రం పూట...”

“రోజూ ఒక హాఫ్ బాటిలండీ. పదేళ్ళ నుంచి,” అంది నాంచారమ్మ.

శోభనాద్రి ఆమె వైపు చూడలేదు. “తాగితే రక్తం బాగా తిరుగుద్దంట కదండీ?” అని డాక్టరునే అడిగాడు.

“తాగిన కాసేపు ఒళ్ళు వేడెక్కుతుంది, తిరిగినట్టే ఉంటుంది. రోజూ పోస్తుంటే మాత్రం నరాల్ని తినేస్తుంది. ఆ నరాలకి తిండి మోసే రక్తనాళాలు వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి. వాటినీ పాడుచేస్తుంది. దివిసీమ వాడివి, నీకు చెప్పాలా? పెద్ద కాలవ నిండుగానే పారుతుంది, శివారు చేలకి మాత్రం చుక్క అందదు. ఇప్పుడు నీ కాలివేళ్ళ పనీ అంతే.”

శోభనాద్రి తన కాలివేళ్ళ వైపు చూసుకున్నాడు.

“ఇవాళ్టి నుంచి మానేస్తే కాలు దక్కుతుంది. మానకపోతే ఈ గాయం మానదు. వేలితో మొదలెట్టి పైకి కోసుకుంటూ పోవాలి. ఉన్నట్టుండి మానితే వణుకొస్తుంది కాబట్టి నాలుగు రోజులు ఇక్కడే ఉండు. మాత్రలిస్తాను.”

“అట్టాగే మానేస్తానండీ,” అన్నాడు శోభనాద్రి, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు.

నర్సు మేరీ అతన్ని కట్టు కట్టడానికి పక్కగదిలోకి తీసుకెళ్ళింది. నాంచారమ్మ కుర్చీలోంచి లేవలేదు.

డాక్టరు గారు రిపోర్టు మళ్ళీ తిరగేశారు. “ఒక్క సంగతి అర్థం కావడం లేదమ్మా. పదేళ్ళు రోజూ హాఫ్ తాగితే లివరు ఈపాటికి చాలా చెడి ఉండాలి. ఇది అంతగా చెడలేదు.”

“ఆయన తాగింది అందులో సగమేనండీ.”

“మరి హాఫ్ అన్నావు?”

“కొనేది హాఫేనండీ. మొదటి గ్లాసు తాగి స్నానానికెళ్తాడు. ఆ కాసేపట్లో సీసాలోది చాలావరకు తీసేసి నీళ్ళు పోసేదాన్ని. కల్తీ సరుకు అమ్ముతున్నారని మూడు షాపులు మార్చాడు గానీ, నా మీద అనుమానం రాలేదు.”

“పదేళ్ళూనా?”

“ఒక్క రోజు కూడా మానలేదండీ.”

డాక్టరు గారు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వారు. “అయితే ఆ మనిషిని నిలబెట్టింది నువ్వేనమ్మా. నేనేం చెప్పన్లే ఆయనకి. ఇక ఆ పని కూడా తప్పింది నీకు. వెళ్ళి దగ్గర కూర్చో.”

నాంచారమ్మ నవ్వలేదు, లేవలేదు. పక్కగదిలో ట్రే చప్పుడు వినిపిస్తోంది.

“ఇంకేమైనా అడగాలా?” అన్నారు డాక్టరు గారు.

“నాక్కూడా ఒక చీటీ రాయించండి సార్. నేనూ చూపించుకోవాలి.”

“నీకేమైందమ్మా?”

“ఆ తీసింది మొదట్లో పారబోసేదాన్నండీ,” అంది నాంచారమ్మ. “తర్వాత్తర్వాత పారబోయబుద్ధి కాలేదు.”