ఆఖరి కేక

"మళ్లీ పాడు," అన్నాడు వేణుమాధవ్, కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా.

బొంతలు వేలాడదీసిన చెక్క బీరువాలోంచి తిరుమల్ చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు. పద్మారావు నగర్‌లో ఆ ఇద్దరి రాక్ బ్యాండుకు రికార్డింగ్ గది ఆ బీరువానే.

"నలభై సార్లయిందన్నా. ఆ కేక వస్తలేదు."

"మొదటి పాటకు ఎట్లొచ్చింది మరి? ఆ కేకకే కోటి వ్యూస్ వచ్చినయ్. ఆరింటికల్లా ఇంకోటి గట్లనే పంపకుంటే, పాటల కంపెనీ వేరే బ్యాండును చూసుకుంటదంట."

"ఉన్న నౌకరీ సుత ఇడిచిపెట్టొచ్చిన. పాడొద్దని నాకుందా? ఆ రోజు బీరువా తలుపు ఇరుక్కుంది, ఊపిరాడక సచ్చిపోతున్ననని అరిచిన. అది పాట కాదన్నా."

"మళ్ల ఇరుక్కుంటదా ఏంది? జెర యాక్టింగ్ చెయ్."

తిరుమల్ తలుపు మూసి, ఒక్క వేలితో లాగాడు. అది తేలిగ్గా తెరుచుకుంది. దానికి గడియ లేదు. ఎప్పుడూ లేదు.

"ఇది ఎట్ల ఇరుక్కుందన్నా?"

వేణుమాధవ్ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క నిమిషమేరా," అన్నాడు. "తలుపు ఒక్క నిమిషమే పట్టుకున్న."

కింద రోడ్డు మీద ఒక ఆటో ఆ పాటే మోగిస్తూ పోయింది. కేక దగ్గర, ఆటోలో ఉన్నవాళ్లంతా గొంతు కలిపారు.

తిరుమల్ గడియారం చూశాడు. ఐదున్నర. బీరువాలోకి వెళ్లి, మైకు సరిచేసుకుని, తలుపు తనే దగ్గరికి లాక్కున్నాడు.

"ఈసారి రెండు నిమిషాలు పట్టుకో అన్నా. నేనెంత మొత్తుకున్నా తియ్యకు."