ఆది గౌను

"ఇలాంటి గుండీలే నాలుగు కావాలి."

స్లావికా సంచిలోంచి పాత నీలం గౌను తీసి, బజార్లో గుండీలమ్మే ముసలావిడ ముందు పరిచింది.

ముసలావిడ గుండీలు వెతకలేదు. గౌను తిరగేసి, లోపలి కుట్లు వేళ్లతో తడిమి, చంక దగ్గర ఆగింది.

"దీన్ని ఆది పెట్టి కుడుతున్నావా అమ్మాయ్?"

"అవును. మా పాపకి, వర్బిత్సా శనివారానికి."

"అయితే చంక కింద చిన్న నలుచదరం ముక్క వెయ్యి. ఇందులో అది లేదు. పిల్ల చెయ్యెత్తలేదు."

స్లావికా ఒంటికాలి మీద లేచింది.

"మా అమ్మ కుట్టిన గౌనుకి వంక పెడతావా?"

పక్కన వెల్లుల్లి అమ్మే మిలుటిన్ నవ్వాడు.

"బొసిల్కా మామ్మా, గుండీలమ్ముకోక నీకీ గొడవలెందుకు?"

ముసలావిడ నాలుగు గుండీలు లెక్కపెట్టి ఇచ్చింది.

వర్బిత్సా శనివారం ఊళ్లో పిల్లలంతా కొత్త బట్టలు వేసుకుని, మెడలో చిట్టి గంట కట్టుకుని, విల్లో రెమ్మలు పైకెత్తి ఊపుకుంటూ చర్చికి వెళతారు. ఆ రోజు పిల్లలకి తన చేత్తో కుట్టకుండా, కొన్న బట్టలు తొడిగిన తల్లిని ఈ ఊరి ఆడవాళ్లు ఏడాదంతా ఆడిపోసుకుంటారు.

స్లావికా తన నాలుగో ఏట ఆ నీలం గౌనులో వెళ్లింది. అమ్మ చేతి కుట్టు. అమ్మ పోయి ఆరు నెలలైంది. ఇప్పుడు తన కూతురు నెవెనా అమ్మమ్మ కత్తిరింపుతోనే చర్చికి వెళ్లాలి. అమ్మ గుర్తుగా స్లావికా చేతిలో మిగిలింది ఆ గౌనొక్కటే.

అందుకే ఆది గౌనుని వార్తాపత్రిక మీద పరిచి, పెన్సిలుతో గీసి, గీత తప్పకుండా కత్తిరించింది. అమ్మ వెయ్యని ముక్క తనెందుకు వేస్తుంది?

బుధవారం సాయంత్రం తలుపు చప్పుడైంది.

ముసలావిడ. లిఫ్టు లేని భవనంలో నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది. గోడకి చెయ్యి ఆనించి రొప్పుతోంది. రెండో చేతిలో చిన్న నీలం ముక్కలు రెండు.

"కొలిచి కత్తిరించి తెచ్చాను. చంక కింద వేసి కుట్టమ్మా. పది నిమిషాల పని."

"నా ఇల్లు నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మ విదా ఇల్లు నాకు తెలుసు."

"తెలిస్తే ఇంటిమీదికొచ్చి మరీ చెప్పాలా? అడిగానా నిన్ను?"

"కోప్పడకు తల్లీ. నువ్వా గౌను వేసుకున్న ఏడు నేను చర్చి దగ్గరే ఉన్నాను. రెమ్మ పైకెత్తలేక నువ్వు ఏడ్చావు."

అది నిజం. నిజం కాబట్టే స్లావికాకి ఒళ్లు మండిపోయింది. ఆ ఏడుపు సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

"అంటే ఏంటి నీ ఉద్దేశం? మా అమ్మకి కుట్టు రాదంటావా?"

ముసలావిడ ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

"నేనెందుకంటాను తల్లీ" అంది.

"అనవు. ఇంటికొచ్చి, చచ్చిపోయిన మనిషి పని తప్పని చూపిస్తావు. సిగ్గుండాలి! దిగు కిందకి!"

స్లావికా ఆ రెండు ముక్కలూ లాక్కుని మెట్ల మీదికి విసిరేసి, భళ్లున తలుపు వేసుకుంది. తలుపు వెనక నిలబడి, ఆ అడుగులు ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగడం విన్నది. జాలి వెయ్యలేదు. ఇంకో రెండు మాటలు అనాల్సింది అనుకుంది.

శుక్రవారం గౌను పూర్తయింది. నెవెనాకి తొడిగింది.

"చెయ్యి పైకెత్తు, చూద్దాం."

"ఎత్తలేనమ్మా. నొప్పి."

"ఎత్తమంటుంటే!"

పిల్ల బెదిరి ఒక్కసారి ఎత్తింది. చంక దగ్గర బట్ట పర్రున చిరిగింది.

స్లావికా పిల్లని కసిరింది. కత్తెర గోడకేసి కొట్టింది. ఆ ముసలిదాని నోరు పడిపోనూ అని తిట్టింది. అరగంట తర్వాత మిగిలిన బట్టలోంచి రెండు నలుచదరాలు కత్తిరించి, చంకల కింద పెట్టి కుట్టింది.

నెవెనా రెండు చేతులూ ఎత్తి గదంతా గెంతింది.

ముసలావిడ మాటే నిజమైంది. దాంతో కోపం ఇంకా పెరిగింది. కానీ ఈసారి ఆ కోపం తన మీదేనని స్లావికాకి తెలుసు.

శనివారం చర్చి నుంచి నేరుగా బజారుకి నడిచింది. పండక్కి పక్క ఊరినుంచి వచ్చిన పిన్ని రడోయ్కా వెంట ఉంది. క్షమించమని అడగడం స్లావికాకి చేతకాదు. పాపని చూపించి, నాలుగు గుండీలు కొంటే చాలు, ముసలావిడే అర్థం చేసుకుంటుంది.

గుండీల చోట ఖాళీగా ఉంది.

"మామ్మ ఏదీ?"

మిలుటిన్ టోపీ తీశాడు.

"గురువారం పొద్దున పోయింది. నిన్ననే పాతిపెట్టాం. గుండె బాగాలేదు, మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు. వింటే కదా."

నెవెనా రెమ్మ ఊపుతూనే ఉంది.

పిన్ని శిలువ గుర్తు వేసుకుని, కళ్లు తుడుచుకుంది.

"బొసిల్కాయేనా పోయింది? అయ్యో, ఎంత మంచి మనిషి!"

"నీకెలా తెలుసు పిన్నీ ఆవిడ?"

"తెలియకపోవడమేంటే? మీ అమ్మకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. నీ నీలం గౌను కుట్టింది బొసిల్కాయే. చంక ముక్కకి కూడా చాలని అరకొర బట్ట తెచ్చిచ్చి, 'అమ్మే కుట్టిందని నా కూతురు అనుకోవాలి, నువ్వు చచ్చేదాకా ఎవరికీ చెప్పకు' అని మీ అమ్మ నా ముందే ఆవిడ చేత ఒట్టు వేయించుకుంది."