ప్రత్యేకంగా ఏమీ లేదు సార్

ఆ బక్కపలచటి మనిషి కూర్చోబోతుంటే, ఖాళీ కుర్చీలో పెద్దక్క గబుక్కున తన హ్యాండ్‌బ్యాగ్ పెట్టేసింది.

ఆయన నొచ్చుకోలేదు. నిలబడే ఉన్నాడు.

అది కొరియర్ ఆఫీసులో ఫిర్యాదుల గది. వచ్చే నెల నుంచి ఫోన్లకి ఏఐ అసిస్టెంట్ జవాబు చెబుతుందట. అది రాకముందే గదిలో ఎవరేం చేస్తారో చూసి రమ్మని పై ఆఫీసు ఈయన్ని పంపింది. ఎవరి సీటు కిందికి నీళ్లు తేవాలో చూసుకోవడానికేనని గదిలో అందరి అనుమానం.

"మన కిటుకులు చెప్పామా, మన వేలితో మన కన్ను పొడుచుకున్నట్టే. అవి మిషన్‌కి నేర్పేసి మనల్ని ఇంటికి పంపిస్తారు," అని గదిలో అందరికన్నా సీనియరైన పెద్దక్క పొద్దున్నే అందరికీ నూరిపోసింది.

ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఈ కబురు విన్నప్పటి నుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు.

"మిషన్ చెయ్యలేనిది మీరేం చేస్తారో చెప్పండమ్మా," అన్నాడాయన.

"ప్రత్యేకంగా ఏమీ లేదు సార్. స్క్రీన్ మీద ఉన్నది చదువుతాం."

"ఏదో ఒక్కటైనా?"

"ఏమీ లేదు సార్."

ఫోన్ మోగింది. అవతల ఎవరో ముసలాయన, పార్సెల్ రాలేదని అరుస్తున్నాడు.

అరిచేవాళ్లని ముందు "లోపల ఏముంది బాబాయ్?" అని అడగడం పెద్దక్క అలవాటు. మందులని తెలిస్తే అప్పటికప్పుడు మనిషిని పరుగెత్తిస్తుంది. అలా చెయ్యమని ఏ రూలూ లేదు. ఆమెని చూసి గదంతా నేర్చుకుంది.

ఇప్పుడు మాత్రం "రెండు రోజులు ఆగండి సార్," అని స్క్రీన్ చూసి చదివి, ఫోన్ పెట్టేసింది. మనసు పీకుతూనే ఉంది.

"అంతేనా? ఇంకేమీ అడగరా?" ఆయన గొంతులో ఆత్రం.

"అంతే సార్."

"మేమూ అంతే సార్," అంది పక్క సీటమ్మాయి.

ఆయన తలుపు దగ్గర కాసేపు తచ్చాడి, వెళ్లిపోయాడు.

ఆయన మెట్లు దిగీ దిగకముందే పెద్దక్క ఆ ముసలాయనకి ఫోన్ చేసింది.

"కోపం తెచ్చుకోకు బాబాయ్. లోపల ఏముంది?"

ఇన్సులిన్. ఇంట్లో ఉన్నది అయిపోయిందట.

గోడౌన్‌కి ఫోన్ చేసి, బండి మీద మనిషిని పంపించాకగానీ ఆమె మంచినీళ్లు ముట్టలేదు.

"ఆయన ముందు భలే నోరు కట్టేసుకున్నావక్కా," అంది పక్క సీటమ్మాయి.

"గండం గడిచిందిలే," అంది పెద్దక్క.

వారం తిరక్కుండానే మేనేజర్ వచ్చి, తలుపు దగ్గరగా వేశాడు.

"సీట్లన్నీ తీసేస్తున్నారమ్మా."

పెద్దక్కకి ఒళ్లు మండింది.

"ఆ బక్కాయన నిర్వాకమేగా ఇది? వాడి నోట్లో మన్ను పడ."

"ఆయన్ననకండి. నాకూ ఇవాళే తెలిసింది," అన్నాడు మేనేజర్. "మనుషుల్ని తియ్యొద్దని పై ఆఫీసులో పోట్లాడింది ఆయనొక్కడే. మిషన్ చెయ్యలేని పని ఒక్కటి చూపిస్తే సీట్లు ఉంచుతామని వాళ్లంటే, అది వెతుక్కుంటూ మీ దగ్గరికి వచ్చాడట."